గద్దల బురుజు కొడుకు

శ్వేతదంష్ట్ర పర్వతాలను చూసినవాళ్ళు తక్కువ. చూసి, తిరిగి వచ్చి, చెప్పినవాళ్ళు ఇంకా తక్కువ. అందువల్ల వాటి మీద లోకంలో చెలామణి అయ్యే వర్ణనలు సగానికి సగం అబద్ధాలే. అక్కడ మేఘాలు శిఖరాలకు మొక్కుతాయని కవులు రాశారు. మేఘాలు మొక్కవు, శిఖరాలకు గుద్దుకుని చినిగిపోతాయి. చినిగిన పేలికలు లోయల్లో పడి మంచవుతాయి. ఆ మంచు ఎవరి మీద పడుతుందో వాళ్ళకు వర్ణనలు చేసే తీరిక ఉండదు.

కేదారక రాజ్యపు అశ్వశాలలో సాహిణిగా పనిచేసే మాచనకు, ఇల్లు విడిచిన పన్నెండవనాటి మధ్యాహ్నం, ఆ తీరిక అసలే లేకపోయింది. కొండ అంచున ఒక గుర్రం పట్టేంత దారి మీద అతడు వెళుతుండగా పైన ఎక్కడో బండ కదిలింది. గుర్రాలతో పెరిగినవాడు కాబట్టి తన చెవులను కాక గుర్రం చెవులను నమ్మాడు. అవి వెనక్కు మడతపడ్డ క్షణంలోనే జీను మీంచి దూకి రాతి సందులోకి దొర్లాడు. మంచు చరియ ఏనుగుల మందలా విరుచుకుపడి దారిని, దారి మీది గుర్రాన్ని, గుర్రం మీది అటుకుల మూటను లోయలోకి ఊడ్చుకుపోయింది. మాచన సందులోంచి పాకి బయటికి వచ్చి, గుర్రం కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుని, అవి గడ్డకట్టకముందే తుడుచుకుని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు.

అతడి తొందరకు కారణం చెల్లెలు మైలమ. ఆ పిల్ల చేసిన నేరమల్లా, చలివేంద్రంలో మజ్జిగ పోస్తూ, వరస తప్పి ముందుకు దూరిన ఒక జడధారిని "అయ్యా, వరసలో నిలబడండి" అనడం. ఆ జడధారి ధూమ్రజటుడనే మాంత్రికుడు. "నిలబడడం నీకంత ప్రీతి అయితే నువ్వే నిలబడు" అని అరచెయ్యి ఆమె నెత్తిన ఆనించి, మజ్జిగ తాగి మరీ వెళ్ళాడు. ఆనాడు మైలమ పాదాలు రాయి అయ్యాయి. అప్పటి నుంచి రోజుకింత చొప్పున రాయి పైకి పాకుతోంది. మాచన ఇల్లు విడిచిననాడు అది గొంతుకు చేరడానికి ఇరవై ఎనిమిది రోజులు ఉందని రాజగురువు లెక్కకట్టి చెప్పాడు. శాపం పెట్టిన చెయ్యే, వెచ్చగా ఉండగా, తిరిగి ఆమె తల మీద ఆనితే రాయి కరుగుతుందని కూడా చెప్పాడు. అంటే మాచనకు కావలసింది ధూమ్రజటుడి తల కాదు. అతడి చెయ్యి, అదీ బతికి ఉన్న చెయ్యి. జడలవాడు జారుగల్లు అనే కొండ ఊరికి ఎక్కాడని గొర్రెల కాపరులు చెప్పగా ఇంతదూరం వచ్చాడు.

చివరి మలుపు తిరిగేసరికి జారుగల్లు కనిపించింది.

నల్లటి పలకరాళ్ళను సున్నం లేకుండా, మట్టి లేకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ముప్ఫై బురుజులు కొండ కొమ్ము మీద భుజం భుజం కలిపి నిలబడి ఉన్నాయి. ఒక ఇంటి కప్పు పై ఇంటికి వాకిలి. ఒక ఇంటి గోడ పక్క ఇంటికీ గోడే. కింది అంతస్తులో కిటికీ అన్నది లేదు. ద్వారాలు రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి, వాటికి మెట్లు లేవు. సాయంకాలపు ఎండ ఆ నల్లరాతి మీద పడి రాగిలా మెరుస్తోంది. ప్రతి బురుజు నెత్తినా సన్నని పొగ. అంతమంది బతుకుతున్న ఊళ్ళో మనిషి అలికిడి లేదు. ఊరికి ఈవల, బాణం పడేంత దూరంలో, నిలువెత్తు తెల్లరాయి పాతి ఉంది. అది పొలిమేర.

మాచన ఆ రాయిని దాటి పది అడుగులు వేశాడో లేదో, ఒక బాణం వచ్చి అతడి బొటనవేలికి బెత్తెడు దూరంలో దిగబడింది.

"అతిథివా, పగవాడివా?" అని పైనుంచి ఎవరో అడిగారు. అడిగిన గొంతులో కోపం లేదు. సంతలో బెల్లమా, చక్కెరా అని అడిగినట్టే ఉంది.

"అతిథిని" అన్నాడు మాచన.

ఆ మాట అనీ అనకముందే ముప్ఫై ద్వారాలూ తెరుచుకున్నాయి. ముప్ఫై చోట్ల నుంచి నిచ్చెనలు బయటికి వచ్చాయి. జారుగల్లులో ఎవరి నిచ్చెన ముందు నేల తాకితే అతిథి వాళ్ళవాడు. ఏడాదికి ముగ్గురో నలుగురో వచ్చే ఊళ్ళో అతిథి అంటే మామూలు సంగతి కాదు. ఒక నిచ్చెన ఇంకో నిచ్చెనకు తగులుకుంది, ఒకాయన తొందరలో నిచ్చెనతో పాటు తానూ కింద పడ్డాడు. ఈ గోలలో ఒక మూల బురుజు నుంచి ఒక ముసలావిడ నిచ్చెనను దించలేదు, విసిరేసింది. అదే ముందు నేల తాకింది. మిగతా ఇళ్ళవాళ్ళు నిట్టూర్చి నిచ్చెనలు లాక్కున్నారు.

ఆమె పేరు సిరిగవ్వ. బురుజు గద్దల వంశానిది. మాచన పైకి ఎక్కగానే ఆమె అతడి కత్తిని తీసి గుమ్మానికి తగిలించి, అరచేతిలో ఉప్పురాయి పెట్టి, నెగడు దగ్గర కూర్చోబెట్టింది. గది నడుమ, పైకప్పు దూలం నుంచి మనిషి మణికట్టంత లావు ఇనుప గొలుసు వేలాడుతోంది. దాని కొసన కుండలో ఏదో ఉడుకుతోంది. కింది అంతస్తులో ఆవుల కాలి చప్పుడు. ముసలామె కోడలు కుందమ నిండు గర్భిణి. ఒక చేత్తో నడుము పట్టుకుని, ఒక చేత్తో గంజి పోసి ఇచ్చింది. ఆమె భుజాన ముదురు ఎరుపు అంచున్న గొంగడి ఉంది.

చలికి వణుకుతున్న మాచన మర్యాదకు అన్నాడు. "గొంగడి బాగుందమ్మా."

కుందమ ముఖం చిన్నబోయింది. మాట్లాడకుండా గొంగడి తీసి అతడికి కప్పింది. అతడు కంగారుపడి తిరిగి ఇవ్వబోయాడు.

"ఉంచుకో నాయనా" అంది సిరిగవ్వ. "అది దాని మొగుడిది. కానీ అతిథి నోటితో బాగుంది అన్నాక అది అతిథిదే. కొండ ఎక్కకముందు ఈ సంగతి నీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. గంజి నిజంగా బాగుంది, మాచన ఆ మాట మాత్రం పైకి అనలేదు.

అప్పుడు పై అంతస్తు నుంచి చెక్క మూత తెరుచుకుని, ముందు రెండు పాదాలు, తరువాత బొజ్జ, ఆ తరువాత బూడిదరంగు జడలు కిందికి దిగాయి. దిగినవాడు మాచనను చూసి తనివితీరా నవ్వాడు.

"రమ్ము, సాహిణీ. నీవు వచ్చెదవని మేమెరుగుదుము" అన్నాడు ధూమ్రజటుడు.

మాచన చెయ్యి మొలకు పోయింది. కత్తి అక్కడ లేదు. సిరిగవ్వ గరిటె ఎత్తి ఇద్దరి నడుమ అడ్డంగా పెట్టింది.

"ఈ కప్పు కింద చేతులు లేవవు" అంది. "ఇతను నా కొడుకు. నిన్ననే గొలుసు పట్టినాడు."

మాంత్రికుడు పీట వేసుకుని కూర్చుని, తన తెలివిని వివరించాడు. తెలివైనవాళ్ళకు ఉండే జబ్బు అదొక్కటే, ఎదుటివాడు అడగకముందే చెప్పేస్తారు. అతిథికి పొలిమేర వరకే రక్ష. ఆ తెల్లరాయి దాటితే ఎవడైనా పట్టుకోవచ్చు. అదే ఆ ఇంటి గొలుసు పట్టుకుని నెగడు చుట్టూ మూడుసార్లు తిరిగినవాడు కడుపున పుట్టిన కొడుకుతో సమానం. వాడి మీద ఎక్కడ చెయ్యి పడినా జారుగల్లు మొత్తం వెంటపడి తేల్చుకుంటుంది. ఇనుము పట్టినందుకు ఏడాది పాటు మంత్రాలు పలకవు. పలకకపోతేనేం? ఇంత కోటలో కూర్చున్నవాడికి మంత్రాలతో పనేమిటి? ఏడాది తిరిగేసరికి సాహిణి చెల్లెలు ఏ గుడి ముందో ద్వారపాలికగా పనికివస్తుంది.

మాచనకు ఒళ్ళు మండిపోయింది. అయినా అతడి కన్ను ఇల్లంతా చూస్తోంది. గోడకు ఆరు విల్లులు. ఆరింటి మీదా బూజు.

"అవ్వా, ఈ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగాడు.

కుందమ తల దించుకుంది. సిరిగవ్వ కుండ కలుపుతూనే చెప్పింది.

"ఉండేవాళ్ళు. ఎదురుగా కనపడేది ఎలుగుల వంశం బురుజు. వాళ్ళకూ మాకూ పగ. ఎవరి ఆవు ఎవరి గడ్డి మేసిందో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. వాళ్ళు ఒకణ్ణి, మేం ఒకణ్ణి, అట్లా నాలుగు తరాలు. ఆఖరున నా చిన్నకొడుకు, ఈ పిల్ల మొగుడు, ఆ ఇంటి పెద్ద దుగ్గన కొడుకును చంపినాడు. దుగ్గన వాణ్ణి చంపేలోగా వాణ్ణి మంచు చరియ చంపింది. మంచు చంపితే లెక్కకు రాదు. కాబట్టి మా ఇంటి నుంచి వాళ్ళకు ఒక మగతల ఇంకా రావాల. ఆడవాళ్ళ మీద ఎవరూ బాణం వెయ్యరు. ఎనిమిది నెలలుగా దుగ్గన ఊరికే ఉన్నాడు."

"ఇప్పుడో?" అన్నాడు మాచన.

"ఇప్పుడు మా ఇంట్లో మగవాడున్నాడు గదా" అంది సిరిగవ్వ.

ధూమ్రజటుడి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. అతడు లేచి, ఆ మాట నిజమో కాదో చూద్దామని గుమ్మం తెరిచాడు. జుయ్యిమని ఒక బాణం వచ్చి, జడల్లో ఒకదాన్ని ద్వారబంధానికి కొట్టేసింది. ఎదుటి బురుజు మీంచి ఒక గొంతు మర్యాదగా అడిగింది.

"వదినా, ఆయనేనా మీ కొత్త కొడుకు?"

"ఆయనే మరిదీ. రేపు పొద్దున కట్టెలకు పంపిస్తా" అని సిరిగవ్వ బదులిచ్చింది.

"తొందరేం లేదు. నీ వీలు చూసుకో."

మాంత్రికుడు జడను బాణానికే వదిలేసి, పాక్కుంటూ వచ్చి మాచన కాళ్ళు పట్టుకున్నాడు. "రక్షింపుము" అన్నాడు. తరువాత మామూలు భాషలోకి దిగి, "ఈ ముసలిది నన్ను బలి ఇవ్వడానికే కొడుకును చేసుకుంది" అన్నాడు.

"అవును" అంది సిరిగవ్వ. "నువ్వు అడిగినావు. నేను కాదనలేదు. ఈ పిల్ల కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే ఆ తల వాడిది అవుతుంది. వాడు నేలమీద పడకముందే పగ తీరిపోవాల. నా నెత్తురు కానివాడు, పోయినా ఎవరూ ఏడవనివాడు, వెతుక్కుంటా తానే వచ్చినాడు. దేవుడు పంపినాడనుకున్నా."

ఆమె ఆ మాటలు దాచకుండా, సిగ్గుపడకుండా చెప్పింది. కుందమ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాచనకు వాళ్ళిద్దరి మీదా జాలేసింది. కానీ ఆ అరచెయ్యి రేపు పొద్దున కట్టెల దారిలో చల్లబడిపోతే మైలమ సంగతి అంతే. ఆలోచిస్తూ కూర్చుంటే అదేమీ మారదు. అతడు గంజి గిన్నె కింద పెట్టి, మాంత్రికుణ్ణి చూపించి అన్నాడు.

"అవ్వా, నీ కొడుకు చాలా బాగున్నాడు."

గరిటె ఆగింది. కింద ఆవు ఒకటి అరిచింది. సిరిగవ్వ చాలాసేపు అతడి ముఖంలోకి చూసింది.

"నాయనా, ఆ మాట వెనక్కు తీసుకో."

"తీసుకోలేనవ్వా. అతని చెయ్యి లేకపోతే నా చెల్లెలు బతకదు."

"కొడుకును మెచ్చి తీసుకున్నవాడు, కొడుకు నెత్తిమీదున్న పగను కూడా తీసుకుపోతాడు. తెల్లరాయి దగ్గర దుగ్గన నిలబడి ఉంటాడు. వానికి ఆ తలైనా ఒకటే, నీ తలైనా ఒకటే. మేక కొంటే మెడలో తాడు కూడా మనదే గదా."

"తెలిసే అన్నాను."

సిరిగవ్వ లేచి, గొలుసుకు అంటిన మసిని బొటనవేలితో తీసి, అతడి నుదుట పెట్టింది. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. కొత్త కొడుకును బాణానికి పంపుతూ రాని ఏడుపు, దారినపోయేవాడి కోసం వచ్చింది. అంతలో కుందమ నడుం పట్టుకుని గోడకు ఆనుకుంది. ఎప్పుడూ వచ్చే నొప్పేనంది. ముసలామె ఆమెను కింద ఆవుల దగ్గర, వెచ్చగా ఉండేచోట పడుకోబెట్టి వచ్చింది.

తెల్లవారింది. శిఖరాల మీద మొదటి ఎండ కుంకుమ చల్లినట్టు పడింది, లోయలు మాత్రం ఇంకా నీలంగా ఉన్నాయి. ముప్ఫై బురుజుల కప్పుల మీదా జనం నిలబడ్డారు. మాచన గుమ్మం దగ్గరి కత్తి తీసుకుని, మాంత్రికుడి నడుముకు తాడు కట్టి, నిచ్చెన దిగాడు. పొలిమేర లోపల అతిథి మీద బాణం పడదు. అతిథి సొత్తు మీదా పడదు. ఆ సంగతి తెలిసిన ధూమ్రజటుడు మాచనకు ఎంత దగ్గరగా నడిచాడంటే రెండుసార్లు అతడి మడమ తొక్కాడు.

తెల్లరాయికి అవతల దుగ్గన నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. నెరిసిన గడ్డం, తిన్నగా ఉన్న వీపు, ఎక్కుపెట్టిన విల్లు.

"రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగాడు మాచనను.

"పట్టలేదు."

"నాకూ పట్టలేదు. సరే, ఇద్దరిలో ఎవరో మీరే తేల్చుకోండి. నాకు ఒకరు చాలు."

"ఇతడే" అని ధూమ్రజటుడు వెంటనే మాచన వైపు వేలు చూపించాడు.

దుగ్గన మాంత్రికుణ్ణి ఒక్కసారి చూసి, మళ్ళీ అతడి వైపు చూడలేదు.

మాచన చెల్లెలి సంగతంతా చెప్పాడు. పోవడానికి పన్నెండు రోజులు, రావడానికి పన్నెండు. ఇరవై అయిదవ రోజున ఈ రాయి దగ్గరికి వచ్చి నిలబడతానని, దుగ్గన ఏం చేసినా సరేనని, తెల్లరాయి మీద చెయ్యి పెట్టి చెప్పాడు.

"రాకపోతే?"

"రాకపోతే అది ఆ పొట్టలో బిడ్డ మీద పడుతుంది కదా. నేనెట్లా రాకుండా ఉంటాను?"

దుగ్గన ఆలోచించాడు. ఆలోచిస్తుండగా గాలి అతడి గడ్డాన్ని ఎగరేస్తోంది. "కుందమకు ఇంకా నెల ఉందని వదిన చెప్పింది" అన్నాడు. "కడుపులో ఉన్నదానికి పగ లేదు. పుట్టి, మగవాడైతే మాత్రం, సొంత నెత్తురు ఉండగా పరాయి తల చెల్లదు. అది నా మాట కాదు, కొండ మాట. కాబట్టి బిడ్డ పుట్టకముందే రావాల. పుట్టినాక నువ్వు వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

"అంతలోగానే వస్తాను."

దుగ్గన విల్లు దించాడు. మాచన తెల్లరాయి దాటి పది అడుగులు వేశాడు.

అప్పుడు వినపడింది. గద్దల బురుజు కింది అంతస్తు నుంచి, కిటికీ లేని గోడల సందుల్లోంచి, సన్నగా, గట్టిగా, లోకం మీద అలిగినట్టు ఒక పసిబిడ్డ ఏడుపు. నెల ముందుగా వచ్చినా గొంతులో లోటేమీ లేదు. ముప్ఫై కప్పుల మీది జనం కదలడం మానేశారు. మాచన వెనక్కు తిరిగాడు. ఊళ్ళో ఉన్న ఒక్కొక్కరి చూపూ దుగ్గన చేతిలోని విల్లు మీదే ఉంది.

సిరిగవ్వ బురుజు మీదికి వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. ఎదురుగా, తన కొడుకు చేతిలో చచ్చినవాడి తండ్రి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

దుగ్గన గొంతు సవరించుకున్నాడు. "ఏం వదినా, ఇంట్లో ఏదో అలికిడి అయినట్టుందే?"

సిరిగవ్వ పిట్టగోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఊరంతటికీ వినపడేలా చెప్పింది.

"ఆవు ఈనింది, మరిదీ."

ఏడుపు ఇంకా వినపడుతూనే ఉంది. ముప్ఫై కప్పుల మీద ఎవరూ నోరు మెదపలేదు.

"మంచిది" అన్నాడు దుగ్గన. వింటి అల్లెతాడు విప్పి, చుట్టచుట్టి, సంచిలో వేసుకున్నాడు. "ఇరవై నాలుగు రోజుల దాకా మీ ఇంట్లో ఆవులే ఈనాల. ఇరవై అయిదోనాడు నేనొచ్చి చూస్తా." ఆ మాట సిరిగవ్వతోనే అన్నా, చూపు మాత్రం మాచన మీద ఉంది.

మాచన తాడు గుంజి, కొండ దిగువకు పరుగు అందుకున్నాడు.